గాల్జీ లేని చోట

హైదరాబాద్,
ఆదివారం.

ప్రియమైన నేస్తానికి,

మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకి ఫోన్లో చెప్పను, ఉత్తరం రాస్తానన్నాను కదా, అదే ఇది. "ప్రోటీన్లకి చక్కెర తగిలించే పని గాల్జీలో జరుగుతుందని పుస్తకంలో ఉంది. బ్యాక్టీరియాకి గాల్జీ లేదని కూడా అదే పుస్తకంలో ఉంది. మరి బ్యాక్టీరియా ప్రోటీన్లకి చక్కెర ఉండదా?" అని అడిగిందన్నావు. ఇంటర్ చదివే పిల్ల రెండు పాఠాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే తప్ప రాని ప్రశ్న అది. ఉంటుంది అని చెప్పు. మన ఎమ్మెస్సీ రోజుల్లో ఉండదనే చెప్పేవారు. నువ్వు భిలాయి వెళ్లాక ఈ సంగతి ఎన్ని మలుపులు తిరిగిందో నీతో చెప్పుకోవాలని నాకు చాలాకాలంగా ఉంది. మా ల్యాబ్‌లో పిల్లలకి ఇది డిగ్రీలోనే తెలిసిపోయిన విషయం. పాత పాఠం చదివినదానివి కాబట్టి దీని విలువ నీకు తెలుస్తుంది.

ఆ పాత పాఠానికీ కారణం లేకపోలేదు. బ్యాక్టీరియా అంటే ల్యాబ్‌లో అందరికీ ఈ. కోలై. మనం వాడే మామూలు ఈ. కోలైకి ప్రోటీన్లలోని ఆస్పరజిన్‌కి చక్కెర గొలుసు తగిలించే ఏర్పాటు లేదు. మందుల కంపెనీల అనుభవం కూడా అదే చెప్పింది. ఇన్సులిన్‌కి చక్కెర అక్కర్లేదు, అందుకే 1982 నుంచి దాన్ని ఈ. కోలైలో తయారు చేసి అమ్మగలిగారు. కిడ్నీ రోగులకి రక్తం పట్టడానికి ఇచ్చే ఎరిత్రోపాయిటిన్‌కి నాలుగు చోట్ల చక్కెర గొలుసులుంటాయి, అవి లేకపోతే ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. దాని కోసం హామ్‌స్టర్ అండాశయ కణాలు పెంచాల్సి వచ్చింది. ఆ కణాల తిండి ఖరీదు, పెరగడం నిదానం. ఇన్ని చూశాక, చక్కెర పని పెద్ద కణాలదే, బ్యాక్టీరియాది కాదు అని ఎవరైనా అనుకుంటారు.

సాక్ష్యం మాత్రం ముందే ఉంది. 1976లో మెషర్, స్ట్రోమింగర్ అనే ఇద్దరు హాలోబాక్టీరియమ్ అనే ఉప్పునీటి సూక్ష్మజీవి పైపొరలో చక్కెర ఉన్న ప్రోటీన్ పట్టుకున్నారు. అది బ్యాక్టీరియా కాదు, ఆర్కియా. కానీ అదే ఏడు క్లాస్ట్రిడియం జాతి బ్యాక్టీరియాల పైపొరలో కూడా అలాంటిదే దొరికింది. అవన్నీ చాలాకాలం ఎక్కడో విచిత్రమైన జీవుల విశేషాలుగానే మిగిలిపోయాయి. పాఠం మారలేదు.

మార్చింది కాంపిలోబాక్టర్ జెజునై. మెలికలు తిరిగి, సన్నగా, తోకల్లాంటి ఫ్లాజెల్లాతో జిగురులో కూడా చకచకా ఈదే క్రిమి. కోడి పేగుల్లో ఉంటుంది, అక్కడి 42 డిగ్రీల వేడి దానికి హాయి. మామూలు గాలిలో పెరగదు, ఆక్సిజన్ బాగా తగ్గించి పెట్టాలి. కోడికి దాదాపు ఏ ఇబ్బందీ కలిగించదు. సరిగ్గా ఉడకని మాంసంతోనో, పచ్చి మాంసం కోసిన చేత్తోనో మనిషి కడుపులోకి వెళ్తే మాత్రం జ్వరం, నొప్పి, రక్త విరేచనాలు. ప్రపంచమంతటా బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాలకి ముఖ్య కారణాల్లో ఇదొకటి, మన దేశంలో చిన్నపిల్లల విషయంలోనూ అంతే. కొద్దిమందికి ఆ తర్వాత కాళ్లూ చేతులూ చచ్చుబడే గియాన్-బారే జబ్బు కూడా వస్తుంది. దానికి కారణం ఈ క్రిమి పైపొర కొవ్వుల మీదుండే చక్కెరలు మన నరాల మీది చక్కెరల్ని పోలి ఉండడం. ఆ చక్కెరలు వేరు, నేను చెప్పబోయేవి వేరు. మీ అమ్మాయి రెండూ కలిపేసుకోకుండా చూడు.

ఈ క్రిమి జన్యువుల్లో ఒక గుత్తి ఉంది. పైపొర కొవ్వులకి చక్కెర తగిలించే జన్యువులు కాబోలని మొదట అనుకున్నారు. 1999లో క్రిస్టీన్ షిమాన్‌స్కీ, పాట్రీషియా గెర్రీ, వాళ్ల తోటివాళ్లు ఆ జన్యువుల్ని ఒక్కొక్కటే చెడగొట్టి చూస్తే, పైపొర కొవ్వుల్లో మార్పేమీ లేదు. మారినవి ప్రోటీన్లు, అదీ ఒకటో రెండో కాదు, చాలా. జెల్ మీద వాటి స్థానాలు మారాయి, వాటిని గుర్తుపట్టే యాంటీబాడీలు ఇక పట్టుకోలేదు. అంటే ఆ గుత్తి పని ప్రోటీన్లకి చక్కెర తగిలించడం. అందుకే ఆ జన్యువులకి పీజీఎల్ (ప్రోటీన్ గ్లైకోసైలేషన్) అని పేరు పెట్టారు. తర్వాత లెక్క చూస్తే ఈ క్రిమిలో 60కి పైగా ప్రోటీన్లకి ఒకే రకం గొలుసు తగులుతోందని తేలింది.

గొలుసు ఎలా ఉంటుందో 2002లో బయటపడింది. ఏడు చక్కెరలు. ప్రోటీన్‌ని అంటుకుని ఉండేది బాసిల్లోసమైన్ అనే అరుదైన చక్కెర, మనిషి కణాల్లో అది లేనే లేదు. దాని మీద వరసగా ఐదు ఎసిటైల్ గాలక్టోసమైన్లు, ఆ వరసలో మధ్యదానికి పక్కనుంచి కొమ్మలా ఒక గ్లూకోజ్. అంతా కలిపి బరువు 1,400 డాల్టన్ల పైచిలుకు.

అదే ఏడు సైన్స్ పత్రికలో వచ్చిన పేపరు చదివినప్పుడు నేను లేచి నిలబడ్డాను. జూరిక్‌లో మార్కుస్ ఎబీ ల్యాబ్‌లో మైకేల్ వాకర్, లండన్‌లో బ్రెండన్ రెన్ వాళ్లు కలిసి చేసిన పని. పీజీఎల్ గుత్తి మొత్తాన్నీ కాంపిలోబాక్టర్ నుంచి తీసి ఈ. కోలైలో పెట్టారు. తోడుగా కాంపిలోబాక్టర్ ప్రోటీన్ ఒకటి ఇచ్చారు. ఈ. కోలై దానికి చక్కెర గొలుసు తగిలించింది! చక్కెర పని చేతకాదని మనం అన్నేళ్లు నమ్మిన ఈ. కోలై. చేతకాక కాదు, జన్యువులు లేక. ఇచ్చిన రోజున చేసింది.

ఈ పని ఎలా జరుగుతుందో కొంచెం నెమ్మదిగా చెప్పనీ. ఏడు చక్కెరల్నీ ప్రోటీన్ మీద ఒక్కొక్కటిగా పేర్చరు. పెళ్లిపందిట్లో పూలన్నీ ముందే కట్టి ఉంచుకుని దండని ఒక్కసారిగా మెడలో వేసినట్టు, గొలుసు మొత్తం వేరేచోట తయారవుతుంది. ఆ చోటు కణం లోపలి పొర. ఆ పొరలో 55 కార్బన్ల పొడవున్న అన్‌డెకాప్రెనాల్ అనే కొవ్వు అణువుంటుంది, దాని చివర ఫాస్ఫేట్. పీజీఎల్-సి మొదటి బాసిల్లోసమైన్‌ని ఆ ఫాస్ఫేట్ మీద పెడుతుంది. పీజీఎల్-ఎ ఒక గాలక్టోసమైన్, పీజీఎల్-జె ఇంకొకటి. మిగిలిన మూడింటినీ పీజీఎల్-హెచ్ ఒక్కటే చేరుస్తుంది. పీజీఎల్-ఐ గ్లూకోజ్ కొమ్మ తగిలిస్తుంది. ఈ వరస మొత్తాన్నీ పరీక్షనాళికలో దశ తర్వాత దశ నడిపి చూపించింది బార్బరా ఇంపీరియాలి ల్యాబ్.

పీజీఎల్-హెచ్ దగ్గర కాస్త ఆగు. మూడంటే మూడే చేరుస్తుంది, నాలుగోది చేర్చదు. ఎంజైముకి లెక్క ఎలా తెలుసు? దాంట్లో ఒక హెలిక్స్ పొడవునా మూడు చోట్ల, గొలుసునీ కొవ్వునీ కలిపే పైరోఫాస్ఫేట్ అనే జంట ఫాస్ఫేట్‌ని పట్టుకునే వీలుంది. ఒక్కో చక్కెర చేరినకొద్దీ గొలుసు పొడుగవుతుంది, పైరోఫాస్ఫేట్ ఒక్కో చోటు దాటుతూ వెనక్కి జరుగుతుంది. మూడూ అయ్యాక పట్టుకునేందుకు ఇంకో చోటు లేదు. పైగా పొడుగైన గొలుసు ఎంజైముని గట్టిగా అంటిపెట్టుకుని కొత్తదాన్ని రానివ్వదు. అక్కడితో పని ఆగిపోతుంది. ఇంత చక్కని ఏర్పాటు కోడి పేగులోని క్రిమిలో ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం నీకు చెప్పకుండా ఎలా ఉంటాను.

గొలుసు పూర్తయ్యాక పీజీఎల్-కె ఏటీపీ ఖర్చుపెట్టి దాన్ని పొర అవతలికి, అంటే పెరిప్లాజంలోకి తిప్పుతుంది. అక్కడ కాచుకుని ఉంటుంది పీజీఎల్-బి. ఈ ఉత్తరం అసలు దాని గురించే.

పీజీఎల్-బి చేసే రసాయన పని చాలా కష్టమైనది. మన బయోకెమిస్ట్రీ క్లాసులో ఆస్పరజిన్ బొమ్మ వేసుకున్నాం కదా. పక్క గొలుసు చివర అమైడ్. ఒక కార్బన్, దానికి ఒక పక్క ఆక్సిజన్, ఇంకో పక్క నైట్రోజన్. లైసిన్ చివర ఉండే అమైన్ నైట్రోజన్‌కి ఎవరితోనూ పంచుకోని ఎలక్ట్రాన్ జంట ఉంటుంది, దాంతో అది వేరే అణువుల మీదికి చొరవగా పోతుంది. అమైడ్ నైట్రోజన్‌కి ఆ చొరవ లేదు. దాని జంటని పక్కనున్న కార్బన్, ఆక్సిజన్ తమ వైపు లాక్కుని ఉంటాయి. అందుకే అమైడ్లు అంత నిలకడగా ఉంటాయి, ప్రోటీన్లు నీళ్లలో ముక్కలైపోకుండా ఉండేదీ అందుకే. అలాంటి నైట్రోజన్ చేత చక్కెర మీద దాడి చేయించాలి. ఒంటినిండా ఇంతగా జరిగే ఈ చర్యకి ఎంజైము ఏం చేస్తుందో దశాబ్దాలపాటు ఎవరికీ అంతుచిక్కలేదు. మనిషి కణాల్లో ఇదే పని చేసే ఎంజైము ఏడెనిమిది ముక్కల గుంపు, దాన్ని విడదీసి చూడడం చాలా కష్టం. బ్యాక్టీరియాలో మొత్తం పని ఒక్క ప్రోటీన్‌దే. ఆ గుంపులో అసలు పని చేసే ఎస్‌టీటీ3 అనే ముక్కకి ఇది దూరపు చుట్టం.

2011లో జూరిక్‌లోనే కాస్పర్ లోకర్, ఎబీ, క్రిస్టియన్ లిజాక్ వాళ్లు కాంపిలోబాక్టర్ లారీ అనే దగ్గరి జాతి నుంచి తీసిన పీజీఎల్-బి స్ఫటికం చేసి దాని ఆకారం చూపించారు. పొర గుండా 13 సార్లు అటూ ఇటూ వెళ్లిన హెలిక్సులు, పెరిప్లాజం వైపు ఒక గుండ్రటి భాగం. ఎంజైముకి ఒక పక్క లోయలో ప్రోటీన్ ముక్క ఆనుకుని ఉంది. దానికి సరిగ్గా వెనక, అవతలి పక్క, కొవ్వుకి వేలాడే చక్కెర గొలుసు వచ్చి చేరే చోటు. రెండింటికీ మధ్య చిన్న రంధ్రం. ప్రోటీన్ ముక్క ఆ రంధ్రం దగ్గర వెనక్కి మళ్లి, తన ఆస్పరజిన్ చివరని మాత్రం లోపలికి చాపి ఉంది. ఆ చివర ఆస్పార్టిక్, గ్లూటామిక్ ఆమ్లాలు ఒక్కొక్కటీ అమైడ్ నైట్రోజన్ మీది హైడ్రోజన్లలో ఒక్కోదాన్ని పట్టుకునేలా ఎదురుపడి ఉన్నాయి. దగ్గరే ఒక లోహ అయాను.

ఆ బొమ్మ చూసి వాళ్లు చెప్పింది ఇది. రెండు ఆమ్లాలూ రెండు హైడ్రోజన్లనీ చెరో వైపు పట్టుకుంటే కార్బన్-నైట్రోజన్ బంధం దగ్గర అమైడ్ కొద్దిగా మెలి తిరుగుతుంది. అమైడ్ చదునుగా ఉన్నంతసేపే ఎలక్ట్రాన్ జంట ఆక్సిజన్ వైపు పంచుకోబడుతుంది. చదును చెడితే ఆ పంపకం తెగుతుంది, జంట మళ్లీ నైట్రోజన్‌కే మిగులుతుంది. ఆ క్షణంలో అది చక్కెర మొదటి కార్బన్ మీదికి వెళ్తుంది, కొవ్వు పైరోఫాస్ఫేట్ అటువైపు నుంచి వదిలి వెళ్లిపోతుంది. చక్కెర బంధం ఆల్ఫా నుంచి బీటాకి తిరగబడుతుంది. ఆ తర్వాత వేరే వేరే రసాయనాలతో పరీక్షించి చేసిన పని కూడా ఈ వివరణకి బలమిచ్చింది. ఎంజైము నైట్రోజన్‌ని బలవంతపెట్టలేదు, దాన్ని పట్టి ఉంచినదాన్ని వదిలించింది. నాకు ఎంజైముల్లో ఇంతకన్నా అందమైన సంగతి తెలియదు.

ఇప్పుడు మా ల్యాబ్‌లో రోజూ కళ్లముందు కనిపించేది చెప్తాను. రెండు చక్కెర స్థానాలున్న కాంపిలోబాక్టర్ ప్రోటీన్‌ని పీజీఎల్ గుత్తి ఉన్న ఈ. కోలైలో తయారు చేయించి జెల్ నడుపుతాం. యాంటీబాడీ వేస్తే ఒకే ప్రోటీన్‌కి మూడు గీతలు, ఒకదానిపై ఒకటి. అడుగుది చక్కెర లేనిది. మధ్యది ఒక గొలుసు తగిలింది. పైది రెండూ తగిలింది. గీతకీ గీతకీ మధ్య ఎడం ఏడు చక్కెరల బరువంత. అదే నమూనాని ఇంకో పొర మీదికి ఎక్కించి సోయాబీన్ లెక్టిన్‌తో కడిగితే అడుగు గీత మాయమవుతుంది, పై రెండే వెలుగుతాయి. ఆ లెక్టిన్ ముఖ్యంగా ఎసిటైల్ గాలక్టోసమైన్‌ని పట్టుకుంటుంది. ఇక పీజీఎల్-బిలో ట్రిప్టోఫాన్, ట్రిప్టోఫాన్, ఆస్పార్టిక్ ఆమ్లం, టైరోసిన్, గ్లైసిన్ అనే వరస ఒకటుంది. ఈస్ట్ నుంచి మనిషి దాకా చెదరకుండా వచ్చిన వరస. అందులో రెండక్షరాలు మారిస్తే పై గీతలు రెండూ పోయి అడుగుది ఒక్కటే ముదురుగా మిగులుతుంది. కొత్తగా చేరిన పిల్లలు మొదటిసారి ఆ రెండు లేన్లూ పక్కపక్కన చూసినప్పుడు వాళ్ల మొహాలు నేను చూస్తాను.

పీజీఎల్-బికి ఏ ఆస్పరజిన్ పడితే అది పనికిరాదు. మన కణాల్లో నియమం మనం చదివిందే. ఆస్పరజిన్, తర్వాత ప్రోలిన్ తప్ప ఏదైనా ఒకటి, ఆ తర్వాత సెరీన్ గాని థ్రియోనిన్ గాని. ఇందాకటి ఆ వరసలోని ట్రిప్టోఫాన్లూ ఆస్పార్టిక్ ఆమ్లమూ పట్టుకునేది ఈ సెరీన్ లేదా థ్రియోనిన్ చివరి హైడ్రాక్సిల్‌నే. సెరీన్ కంటే థ్రియోనిన్ ఉంటే పని చురుగ్గా సాగుతుంది. బ్యాక్టీరియా ఇది చాలదంటుంది. ఆస్పరజిన్‌కి రెండు స్థానాల ముందు ఆస్పార్టిక్ ఆమ్లమో గ్లూటామిక్ ఆమ్లమో ఉండి తీరాలి. 2006లో బయటపడిన ఈ అదనపు నియమానికి కారణం ఆకారం వచ్చాక తెలిసింది. ఎంజైములో ఒక ఆర్జినిన్ తన ధనావేశంతో ఆ ఆమ్లం ఋణావేశాన్ని పట్టుకుంటుంది. అంత కచ్చితం.

కానీ ఇదే ఎంజైము చక్కెర విషయంలో చాలా ఉదారం. కొవ్వు మీద వేలాడేది తన ఏడు చక్కెరల గొలుసే కానక్కర్లేదు. 2005లో మారియో ఫెల్డ్‌మన్, ఎబీ వాళ్లు ఈ. కోలై పైపొర కొవ్వుల కోసం తయారయ్యే పొడవాటి చక్కెర గొలుసుల్ని కూడా పీజీఎల్-బి ప్రోటీన్ మీదికి ఎక్కిస్తుందని చూపించారు. ఈ. కోలై ఆ గొలుసుల్ని కూడా అదే 55 కార్బన్ల కొవ్వు మీదే కడుతుంది. పీజీఎల్-బి చూసేది ఆ కొవ్వు పైరోఫాస్ఫేట్‌నీ, దాన్ని అంటుకున్న మొదటి చక్కెరనీ. ఆ మొదటి చక్కెర రెండో కార్బన్ మీద ఎసిటమిడో గుంపు ఉంటే చాలు, దాని పైన ఏముందో పెద్దగా పట్టించుకోదు. ప్రోటీన్ వైపు అంత కచ్చితం, చక్కెర వైపు ఇంత ఉదారం. ఈ రెండు గుణాలూ ఒకే అణువులో కలిసి ఉండడం వల్లే ఇది మనుషుల పనికి వచ్చింది. నేను నీకు చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే.

ఇంకో తేడా ఉంది. మన కణాల్లో ప్రోటీన్ గొలుసు రైబోజోమ్ నుంచి బయటకొస్తుండగానే, మడతలు పడకముందే చక్కెర తగులుతుంది. ఆ చక్కెరే మడతలకి సాయం చేస్తుంది, సరిగ్గా మడత పడిందో లేదో చూసే కణం దాన్నే గుర్తుగా వాడుకుంటుంది. పీజీఎల్-బి మడత పడిపోయిన ప్రోటీన్‌కి కూడా తగిలించగలదు. ఆస్పరజిన్ వదులుగా వేలాడే వంపు మీద ఉంటే సరి. కాబట్టి బ్యాక్టీరియా చక్కెర మడతల కోసం కాదని ఊహించొచ్చు. మరి దేనికి? కోడి పేగుల నిండా ప్రోటీన్లని తినేసే ఎంజైములే. చక్కెర లేని ప్రోటీన్లు వాటికి తేలిగ్గా దొరికిపోతాయి, చక్కెర ఉన్నవి నిలుస్తాయి. పీజీఎల్ జన్యువులు చెడిన కాంపిలోబాక్టర్ కోడి పేగుల్లో సరిగ్గా పాతుకోలేదు. దీనికి తోడు, పీజీఎల్-బి గొలుసుల్లో చాలావాటిని ప్రోటీన్ మీద పెట్టకుండా విడిగా పెరిప్లాజంలోకి కూడా వదులుతుంది. బయట ఉప్పు సాంద్రత మారినప్పుడు ఆ విడి గొలుసుల మోతాదు కూడా మారుతుంది. ఒకే ఎంజైముతో రెండు అవసరాలు తీరుతున్నాయన్నమాట.

మిగతా బ్యాక్టీరియాల గురించి క్లుప్తంగా. కాంపిలోబాక్టర్, హెలికోబాక్టర్ తమ ఫ్లాజెల్లా ప్రోటీన్ల మీద సూడామినిక్ ఆమ్లం అనే చక్కెర తగిలిస్తాయి. అది లేకపోతే ఫ్లాజెల్లమ్ ఏర్పడదు, క్రిమి ఈదలేదు. మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్ తన పిలస్‌కి సెరీన్ మీద తగిలించుకుంటుంది. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజీకి కొవ్వూ అక్కర్లేదు, పొరా అక్కర్లేదు. సైటోప్లాజంలోనే ఒక్కో చక్కెరని నేరుగా ఆస్పరజిన్‌కి పెట్టే వేరే రకం ఎంజైము దానికుంది.

మన ప్రోటీన్ల మీదికి వచ్చేవి కూడా ఉన్నాయి. ఆస్పత్రుల్లో యాంటీబయాటిక్‌లు ఎక్కువ వాడాక వచ్చే విరేచనాలకి కారణమైన క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ క్రిమి విషం ఒక ఎంజైమే. పేగు కణం లోపలికి దూరి, ఆ కణం ఆకారాన్ని నిలిపి ఉంచే రో అనే ప్రోటీన్‌లో 37వ థ్రియోనిన్‌కి ఒకే ఒక్క గ్లూకోజ్ తగిలిస్తుంది. ఆ ఒక్క చక్కెరతో రో పని ఆగిపోతుంది, కణం అస్థిపంజరం కూలి గుండ్రంగా ముడుచుకుపోతుంది. 1995లో క్లాస్ అక్టోరీస్ వాళ్లు జర్మనీలో కనుక్కున్నారు. ఒక గ్లూకోజ్ ఒక కణాన్ని చంపగలదని తెలిశాక చక్కెరని తిండిగా మాత్రమే చూడలేం కదా.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. పిల్లలకి వేసే టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఉంది కదా, ఇక్కడి భారత్ బయోటెక్ వాళ్ల టైప్‌బార్ టీసీవీ. 2017 చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు ఆమోదం పొందిన మొదటి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా అదే. టైఫాయిడ్ క్రిమి ఒంటినిండా వీ అనే చక్కెర గొలుసు కప్పుకుని ఉంటుంది. ఆ చక్కెర ఒక్కదాన్నే టీకాగా ఇస్తే రెండేళ్లలోపు పిల్లల ఒంట్లో సరైన రక్షణ రాదు. చక్కెరని గుర్తుపట్టే బి కణాలకి టి కణాల సాయం అందాలంటే ప్రోటీన్ కావాలి. వీ గొలుసుని ధనుర్వాతం టాక్సాయిడ్ అనే ప్రోటీన్‌కి అతికిస్తే ఆరు నెలల పిల్లలకి కూడా పనిచేస్తుంది. చక్కెరని ప్రోటీన్‌కి కలిపితే ఒళ్లు చక్కెరని కూడా గుర్తుపెట్టుకుంటుందని ఏవరీ, గోబెల్ 1929లోనే చూపారు.

ఆ అతికించే పని ఇప్పుడు రసాయనాలతో చేస్తున్నారు. చక్కెరనిచ్చే క్రిమిని పెంచి, చక్కెర తీసి శుద్ధి చేయాలి. ప్రోటీన్‌ని విడిగా పెంచి శుద్ధి చేయాలి. రెండింటినీ రసాయనాలతో చురుకు చేసి కలపాలి, మళ్లీ శుద్ధి చేయాలి. చక్కెర ప్రోటీన్ మీద ఎక్కడ తగులుతుందో మన చేతిలో ఉండదు, ఒక్కో చోట ఒక్కో తీరు. కంపెనీలవాళ్లు దీన్ని ఎంత జాగ్రత్తగా చేస్తారో దగ్గరగా చూసినదాన్ని కాబట్టి ఆ పని మీద నాకు ఎంతో గౌరవం.

పీజీఎల్-బి చేసేది ఇదంతా ఒకే ఫ్లాస్కులో. ఒక ఈ. కోలైలో మూడు పెట్టాలి. కావలసిన క్రిమి చక్కెర గొలుసు తయారుచేసే జన్యువులు, పీజీఎల్-బి, మనం ఎంచుకున్న చోట్ల పీజీఎల్-బి కోరే ఆ ఆస్పరజిన్ వరస చెక్కిన మోసుకెళ్లే ప్రోటీన్. ఎక్కువగా సూడోమోనాస్ విషాన్ని నిర్విషం చేసి ఈ ప్రోటీన్‌గా వాడతారు. ఈ. కోలై పెరుగుతూనే చక్కెర కడుతుంది, ప్రోటీన్ చేస్తుంది, పెరిప్లాజంలో రెండూ కలుపుతుంది. తీసుకుని శుద్ధి చేసుకోవడమే. ఎబీ ల్యాబ్ నుంచి 2004లో పుట్టిన గ్లైకోవాక్సిన్ అనే కంపెనీ ఈ దారి పట్టింది, 2015లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ దాన్ని కొనేసింది. జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లాకి ఈ పద్ధతిలో చేసిన టీకాలు మనుషుల మీద పరీక్షల దాకా వచ్చాయి. షిగెల్లా మన పిల్లల్ని ఎంత బాధపెడుతుందో నీకు చెప్పక్కర్లేదు, దాని మీద నాకు ఆశ ఎక్కువ.

దెబ్బ కూడా తగిలింది. రక్తంలోకి పాకే ఈ. కోలైకి తొమ్మిది రకాల చక్కెరలతో ఇదే దారిలో చేసిన పెద్ద టీకా ఒకటి చాలామంది వయసు మళ్లినవాళ్ల మీద పరీక్షిస్తుండగా, రక్షణ సరిపోవడం లేదని 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. ఆ వార్త చదివి మనసుకి చాలా కష్టమనిపించింది. కానీ అందులో ఎంజైము తప్పు నాకు కనిపించదు. చక్కెర తగలాల్సిన చోటే తగిలింది. ఆ క్రిమి నుంచి ముసలివాళ్లని కాపాడడానికి ఆ చక్కెరల మీద యాంటీబాడీలు చాలుతాయా అన్నది వేరే ప్రశ్న, దాని జవాబు రోగనిరోధక శాస్త్రం దగ్గర వెతకాలి.

పీజీఎల్-బి ఉదారతకీ ఒక హద్దుంది. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ చక్కెర కవచాల్లో చాలావాటికి మొదటి చక్కెర గ్లూకోజ్. దాని రెండో కార్బన్ మీద ఎసిటమిడో లేదు, అందుకని పీజీఎల్-బి ముట్టదు. ఫెల్డ్‌మన్ ల్యాబ్ వాళ్లే మట్టిలో ఉండే అసినెటోబాక్టర్ బేలీ అనే క్రిమిలో పీజీఎల్-ఎస్ అనే ఇంకో ఎంజైము కనుక్కున్నారు. అది ఆస్పరజిన్ మీద కాదు, సెరీన్ మీద పెడుతుంది. గ్లూకోజ్‌తో మొదలయ్యే గొలుసుల్ని కూడా ఎక్కిస్తుంది. 2019లో దాంతో న్యుమోకాకస్ చక్కెరల్ని ప్రోటీన్‌కి తగిలించి చూపారు. మా ల్యాబ్‌లో ఇప్పుడు ఒకమ్మాయి ఈ పీజీఎల్-ఎస్ ఏ సెరీన్‌ని ఎంచుకుంటుందో, దాని చుట్టుపక్కల అక్షరాలు ఒక్కొక్కటే మార్చి చూస్తోంది. పీజీఎల్-బికి ఉన్నంత పొట్టి నియమం దీనికి ఉన్నట్టు లేదు, చుట్టూ ఇంకాస్త పొడవైన ముక్క కావాలి.

ఆ జెల్ బొమ్మలు, 2011 నాటి పీజీఎల్-బి ఆకారం రంగు ప్రింటూ ఈ కవరులోనే పెడుతున్నాను. ఆకారం బొమ్మలో రంధ్రం దగ్గర పెన్సిల్‌తో గీత గీశాను, మీ అమ్మాయికి ఆస్పరజిన్ ఎక్కడుందో అక్కడ చూపించు. దానికి ఇంకా ప్రశ్నలుంటే నన్ను నేరుగా అడగమను. పిన్నికి ఫోన్ చేయడానికి మొహమాటం దేనికి? మీ వారిని అడిగానని చెప్పు.

ఉంటాను.

నీ నేస్తం